తలకి నూనె సరే, కంచంలో ఏముంది?

మన ఇళ్ళల్లో ఆడపిల్ల జుట్టు గురించి మాట్లాడనివాళ్ళు ఉండరు. నాయనమ్మ, మేనత్త, పక్కింటి పిన్నిగారు, పదేళ్ళ తర్వాత ఏదో పెళ్ళిలో కలిసిన దూరపు చుట్టం, ఆఖరికి వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా "అయ్యో, పాప జడ ఎంత పల్చబడిపోయిందమ్మా, నూనె పెట్టడం లేదా?" అని అడిగేస్తుంది. "పాప పొద్దున్న ఏమైనా తిని వెళ్తోందా?" అని అడిగినవాళ్ళని మాత్రం నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఈ రోజు నా పోట్లాటంతా దీని మీదే.

జుట్టు పెరగాలంటే కావలసినది కడుపులో పడాలి. పెరిగిన జుట్టు నిలవాలంటే దాన్ని ముట్టుకునే చెయ్యి మెత్తగా ఉండాలి. ఉన్నవి ఈ రెండే. మిగతాదాంట్లో సగం వ్యాపారం, సగం పెత్తనం.

నాకు జడంటే గిట్టదేమో అనుకోకండి. నా జడ ఇప్పటికీ నడుం దాకా ఉంటుంది, అదంటే నాకు ముద్దు కూడాను. తెలుగు బి.ఏ. చదువుకున్నదాన్ని, జడని తీసిపారేస్తే మన సాహిత్యంలో సగం అందం పోతుందని నాకు తెలియదా? కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముందుగా ముఖం చూపించదు, తెర మీదుగా జడ వేస్తుంది. నన్ను కళలో గెలవగలవాళ్ళుంటే రండి, ఓడిపోతే ఈ జడ కోసి ఇచ్చేస్తానని ఆ జడకి అర్థం చెబుతారు. తిక్కనగారి ఉద్యోగపర్వంలో, రాయబారానికి బయల్దేరబోతున్న కృష్ణుడి ముందు ద్రౌపది దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన జుట్టునే చూపించి మాట్లాడుతుంది. వాళ్ళిద్దరికీ జుట్టు సొంత మాట. మన పిల్లల జుట్టు మాత్రం ఊరందరి మాట అయి కూర్చుంది. ఎంత పొడుగుండాలో ఒకరు చెబుతారు, ఎప్పుడు కత్తిరించాలో ఇంకొకరు, ఏ నూనె రాయాలో మరొకరు. ఆ తల ఎవరిదో ఆ పిల్లని తప్ప అందరినీ అడుగుతారు.

సరే, ముందు జుట్టు సంగతేమిటో చూద్దాం. మన కంటికి కనపడే వెంట్రుకకి ప్రాణం లేదు. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. ప్రాణమున్నది చర్మం లోపల కుదురులో. ఆ కుదురు కెరాటిన్ అనే మాంసకృత్తితో వెంట్రుకని తయారుచేసి బయటికి తోస్తూ ఉంటుంది. దానికి కావలసిన సరుకంతా రక్తంలోంచి అందాలి. నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఏడాదికి 12 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా కాదు. భుజాల మీదున్న జుట్టు నడుం దాకా రావాలంటే మూడేళ్ళ పైమాటే. "30 రోజుల్లో బారెడు జడ" అని ఎవరైనా అంటే, ఆ మనిషి మీకు లెక్కలు రావనుకుంటున్నాడని అర్థం.

ఇంకో సంగతి. ప్రతి వెంట్రుకకీ ఒక ఆయుష్షుంటుంది. రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పెరుగుతుంది, తర్వాత రెండు మూడు నెలలు ఊరుకుని రాలిపోతుంది, అదే కుదురులోంచి మళ్ళీ కొత్తది వస్తుంది. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. రెండ్రోజులకోసారి తల దువ్వుకునేవాళ్ళకి రెండ్రోజులవీ ఒకేసారి దువ్వెనలో కనపడి గుండె గుభేలుమంటుంది, అంతే. ఎన్నేళ్ళు పెరగాలన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. మూడేళ్ళు పెరిగే జుట్టు 36 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఏడేళ్ళు పెరిగేది తుంటి దాకా వస్తుంది. ఒక కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళకే ఈ లెక్క వేరుగా ఉండచ్చు. "అక్కకి ఉంది, నీకేం రోగం?" అని చిన్నదాన్ని సాధించే ఇళ్ళు చూశాను. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి అయితే ఇలా సాధిస్తామా?

"మా కాలంలో అందరికీ బారెడు జడలే" అని పెద్దవాళ్ళంటే నేను ఒకటే అడుగుతాను. అందరికీ బారెడు జడలుంటే ప్రతి ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఆ సవరాలెందుకున్నాయండీ? పెళ్ళికూతురికి పూలజడ వెయ్యాలంటే ముందు సవరం వెతికేవాళ్ళు కదా? చిక్కు వెంట్రుకలు గోడ సందులో ఉండలు చుట్టి దాచి, వీధిలోకి వచ్చినవాడికి ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేవాళ్ళు కదా? రాలకపోతే ఆ ఉండలెక్కడివి? ఆ రోజుల్లోనూ ఊడేది, విరిగేది, పల్చగా ఉండేది. ఒత్తు జడలున్నవాళ్ళు మనకి గుర్తుండిపోయారు, సవరం పెట్టుకున్నవాళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

అయితే ఆ పాత పద్ధతిలో మంచి లేదా అంటే, ఉంది. నూనె సంగతే తీసుకోండి. 2003లో రెలే, మొహిలే అనే పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. జుట్టులోని మాంసకృత్తి పోకుండా బాగా కాపాడింది వాటిలో కొబ్బరినూనె ఒక్కటే. తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా పనిచేసింది. కాబట్టి అమ్మమ్మ చెయ్యి సరైన సీసా మీదే పడింది. కాకపోతే ఏం చేసిందో చూడండి: ఉన్న జుట్టుని కాపాడింది. లేనిదాన్ని మొలిపించలేదు. నూనె పొలానికి కంచె లాంటిది. కంచె వేస్తే పంట మొలవదు కదా.

మార్కెట్టు చేసే మాయంతా ఇక్కడే. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక పన్నుల వివాదం తేల్చింది. చిన్న ప్యాకెట్లలో అమ్మే కొబ్బరినూనె వంటనూనా, తలనూనా అని ఏళ్ళ తరబడి నడిచిన తగువు అది. చిన్న ప్యాకెట్లో ఉన్నంత మాత్రాన తలనూనె అయిపోదు, తలనూనె అని ముద్ర వేసి అలా అమ్మితేనే తలనూనె అని కోర్టు చెప్పింది. అంటే లోపలి సరుకు ఒకటే కావచ్చు, పైన బొమ్మ మారితే పేరు మారుతుందన్నమాట. మరి ఆ బొమ్మలో మోకాళ్ళ దాకా జుట్టున్న అమ్మాయిని పెట్టి, అదే నూనెలో నాలుగు ఆకుల పేర్లు కలిపి, ఐదారు వందలకి అమ్మితే కొనేది ఎవరు? మనమే.

మందుల నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఫలానా జబ్బులు నయం చేస్తామని మందులవాళ్ళు చెప్పుకోకూడదు అని. బట్టతల, కొత్త జుట్టు మొలిపించడం రెండూ అందులో ఉన్నాయి. తలనూనెలు, షాంపూలు సౌందర్య సాధనాల కింద అమ్ముడవుతాయి కాబట్టి మాట కాస్త అటూ ఇటూ తిప్పుతారు. "జుట్టు రాలడం తగ్గుతుంది" అని పెద్దక్షరాలు వేసి, పక్కన ఒక చుక్క గుర్తు పెడతారు. సీసా వెనక్కి తిప్పి ఆ చుక్క ఎక్కడుందో వెతకండి. "విరగడం వల్ల రాలే జుట్టు" అని చీమ తలకాయంత అక్షరాల్లో చాలా సీసాల మీద కనపడుతుంది. వాళ్ళకి విరగడం వేరు, ఊడడం వేరు అని బాగా తెలుసు. తెలియనిది మనకే.

అందుకే ఈ చిన్న పరీక్ష నేర్చుకోండి, ఇంట్లో పిల్లలకీ నేర్పండి. రాలిన వెంట్రుకల్ని పది తీసి ముదురు రంగు గుడ్డ మీద పెట్టి వెలుతురులో చూడండి. ఒక చివర గసగసాల గింజ కన్నా చిన్నగా తెల్లటి బొడిపె కనపడితే అది కుదురు నుంచి ఊడినట్టు. రెండు చివరలూ ఉత్త దారం ముక్కల్లా ఉంటే మధ్యలో విరిగినట్టు. విరిగేదానికి మందు మన చేతుల్లో ఉంది. ఊడేదానికి మందు కంచంలోనో డాక్టరు దగ్గరో ఉంది. ఇది చూడకుండా ఎన్ని సీసాలు కొన్నా చీకట్లో బాణాలే.

ముందు విరగడం సంగతి. నడుం దాకా ఉన్న జుట్టు కొస పుట్టి ఐదారేళ్ళయి ఉంటుంది. ఐదారేళ్ళు ఎండకి ఎండి, వానకి తడిసి, రోజూ దువ్వెన దెబ్బ తిన్న దారం అది. బీరువాలో అమ్మ పాత పట్టుచీర ఎంత నెమ్మదిగా మడత విప్పుతామో జడ కొసని అంత నెమ్మదిగా ముట్టుకోవాలి. మనం చేసేదేమిటి? తలంటు పోసుకోగానే ముందుకి వంగి తువ్వాలుతో టపటపా కొడతాం. తడి జుట్టు సాగుతుంది, సాగినప్పుడు ఇట్టే తెగుతుంది. పాత నూలుచీర ముక్కతో మెల్లగా అద్ది నీళ్ళు తీసేసి వదిలెయ్యండి. ఆరాక, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో ముందు కొస నుంచి నాలుగు వేళ్ళ మేర చిక్కు తీసి, ఆ తర్వాత పైకి వెళ్ళండి. పైనుంచి ఒక్క లాగు లాగితే చిక్కులన్నీ కిందకి చేరి ఒకే ముడి అవుతాయి, ఆ ముడిని తెంపడమే గతి. ఉంగరాల జుట్టువాళ్ళు పొడిగా అసలు దువ్వకండి. స్నానంలోనే కండిషనరు రాసుకుని వేళ్ళతో చిక్కు తీసుకుంటే చాలు.

నూనె గిన్నెడు అక్కర్లేదు. తలంటుకి గంటా రెండు గంటల ముందు, రెండు చెంచాల నూనె, ముఖ్యంగా పొడుగునా, కొసలకీ రాయండి. చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకి నూనె పట్టించి రోజుల తరబడి ఉంచకండి. ఆ జిడ్డు చుండ్రు తెచ్చే శిలీంధ్రానికి విందు భోజనం. కుంకుడుకాయ మీకు పడితే హాయిగా వాడండి, నురగతో మురికి తీసే గుణం దానికి సహజంగానే ఉంది. పడకపోతే షాంపూ వాడండి, పాపమేం లేదు. బోరునీళ్ళు జుట్టుని గరుకు చేసి చిక్కు పెంచుతాయి, దానివల్ల విరుగుతుంది. ఆఖరి చెంబు మంచినీళ్ళు పోసుకుంటే కాస్త నయం. కొసలు చీలిపోతే అర అంగుళం కత్తిరించండి. కత్తిరిస్తే వేగంగా పెరుగుతుందన్నది నిజం కాదు, కత్తెర కబురు కుదురు దాకా వెళ్ళదు. చీలిక పైకి పాకకుండా ఆగుతుంది, అంతవరకే.

పెంచుకునే రోజుల్లో ఏ జడ వేసుకోవాలని చాలామంది అడుగుతుంటారు. నా మాట ఒక్కటే: వదులుగా ఉన్నది ఏదైనా మంచిదే. భుజాల దాకా ఉన్నప్పుడు ముందు పాయలు రెండూ వెనక్కి తీసి ఒక క్లిప్పు పెట్టండి. కాస్త పెరిగాక వదులు జడ, ఇంట్లో పని చేసుకునేటప్పుడు ముడి చుట్టి క్లచ్చరు. రబ్బరుబ్యాండు బదులు గుడ్డ చుట్టిన బ్యాండు వాడండి. ముడి రోజూ ఒకే చోట పెట్టకుండా ఒక రోజు పైకి, ఒక రోజు కిందకి మార్చండి. రాత్రి జుట్టు విరబోసుకుని పడుకోకుండా వదులుగా అల్లుకోండి. పూలకి ఒక పిన్ను చాలు, పూలజడ కుట్టే రోజున బరువంతా సొంత జుట్టు మీద పడకుండా చూసుకోండి. ఇస్త్రీపెట్టె లాంటి ఆ స్ట్రెయిటెనర్లు పండక్కీ పబ్బానికీ సరే, వారం వారం అయితే కొసలు చీపురుపుల్లలవుతాయి. పార్లర్లలో చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్లలో కొన్నిటి నుంచి వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది. పేరులో కెరాటిన్ ఉందని అది జుట్టుకి తిండి అనుకోకండి.

ఇక్కడ బడుల మీద కూడా నాకు కోపముంది. ఐదేళ్ళ పిల్లల నుంచి రెండు జడలు మడిచి, రిబ్బను బిగించి, నుదుటి మీద ఒక్క వెంట్రుక లేవకుండా పంపించాలట. పొద్దున్న ఏడింటికి తల్లి ఒక చేత్తో ఇడ్లీ తినిపిస్తూ ఇంకో చేత్తో జడలు లాగుతుంది. కళ్ళు పైకి గుంజుకుపోయేలా బిగిస్తేనే "చక్కగా వేసింది" అంటారు. ఏళ్ళ తరబడి అలా లాగితే నుదుటి దగ్గర, చెవుల పైన జుట్టు వెనక్కి జరిగిపోతుంది, చాలాకాలం సాగితే ఆ కుదుళ్ళు మళ్ళీ కోలుకోవు. శుభ్రంగా ఉండాలంటే ఒక వదులు జడ చాలదా? టైము చాలక ఏదో ఒకటి ఆపాల్సి వస్తే ఆగేది ఇడ్లీయే, జడ కాదు. బడిలో జడ చూస్తారు, కడుపు చూడరు మరి.

ఇక ఊడడం. అసలు పోట్లాట ఇక్కడుంది.

మా వదిన, అంటే మావారి అక్కయ్య, కూతురు ఇంటర్ చదివే రోజుల్లో గుప్పెళ్ళకొద్దీ జుట్టు ఊడింది. కాలేజీ బస్సు ఆరున్నరకి. పొద్దున్న గ్లాసుడు టీ, మధ్యాహ్నం డబ్బాలో సగం అన్నం వెనక్కి వచ్చేది. ఇంట్లో మాత్రం మూడు రకాల నూనెలు, ఒక సీరం, ఒక ఉల్లిపాయ షాంపూ, పిల్ల ఫోను మీద బోలెడు తిట్లు. సెలవలకి మా ఇంటికొచ్చినప్పుడు వెంట్రుకలు తీసి చూస్తే అన్నిటికీ తెల్ల బొడిపెలే. పిల్ల కింది కనురెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగితే అప్పుడు చెప్పింది, "నెలకి ఎనిమిది రోజులు ఆగదు అత్తయ్యా" అని. ఏడాది నుంచీ అలాగేనట. అమ్మకెందుకు చెప్పలేదే అంటే, "అమ్మ ఎప్పుడూ జుట్టు గురించే అడుగుతుంది, ఇది అడగలేదు" అంది.

"వదినా, నూనెలు తర్వాత, ముందు రక్తం చూపిద్దాం" అని మర్నాడే తీసుకెళ్ళాం. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. డాక్టరమ్మ థైరాయిడ్ కూడా చూపించి, ఐరన్ మాత్రలు రాసి, నెలసరికి వేరే మందిచ్చారు. అన్నం తిన్న వెంటనే టీ తాగద్దన్నారు, టీ ఆహారంలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదట. ఆరు నెలలకి ఊడడం తగ్గింది. ఏడాది తిరిగేసరికి పాపిడి పక్కన పొట్టి పొట్టి వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి. మా అత్తగారు వాటిని నూనె రాసి అణచబోతుంటే, "అత్తయ్యగారూ, అవి కొత్తవి, ఉండనివ్వండి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, నూనె గిన్నె పక్కన పెట్టేశారు.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ సగటు కన్నా కాస్త పైనే ఉన్నాయి. ఇద్దరిలో ఒకరికి పైగానే. ఒంట్లో రక్తం తక్కువైతే శరీరం గుండెనీ మెదడునీ చూసుకుంటుంది గానీ జడని చూసుకుంటుందా? కరువొచ్చిన ఇంట్లో ముందు ఆగేది పూలదండే కదా. జుట్టు ఊడడం ఒళ్ళు రాసిన ఉత్తరం. మనం ఉత్తరం చదవకుండా కవరుకి నూనె రాస్తున్నాం.

కాన్పు తర్వాత సంగతి చూడండి. మూడు నాలుగు నెలలకి తల్లికి జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. హార్మోన్ల మార్పు వల్ల చాలామందికి అది మామూలే, ఏడాదిలోపు సర్దుకుంటుంది. కానీ అసలే రక్తం పోయి, బిడ్డకి పాలిస్తున్న మనిషికి పథ్యమని కారప్పొడి అన్నం పెట్టి, ఆకుకూర వద్దు, పప్పు వద్దు, పండు వద్దు, నీళ్ళు కూడా తక్కువ తాగమనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆపైన "పథ్యం సరిగ్గా చెయ్యలేదు, అందుకే జుట్టు పోయింది" అని ఆమెనే అంటారు. కంచంలోంచి తీసేసినవాళ్ళే తల మీద లేదని అడగడం ఏం న్యాయం?

రాలడానికి రక్తహీనత ఒక్కటే కారణమని నేననను. డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి ఊడుతుంది, దానంతటదే తిరిగొస్తుంది. థైరాయిడ్, పీసీఓఎస్, బరువు తగ్గాలని కడుపు మాడ్చుకోవడం, ఇవన్నీ కారణాలే. మా వయసువాళ్ళకి పాపిడి ఏటేటా వెడల్పవుతుంటే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తొందరగా వెళ్ళడం మంచిది, దానికి పనిచేసే మందులున్నాయి, ఆలస్యమైతే లాభం తగ్గుతుంది. రంగురంగుల బయోటిన్ గమ్మీలు మాత్రం కొనకండి. బయోటిన్ లోపం లేనివాళ్ళకి అవి జుట్టు పెంచుతాయనడానికి సరైన ఆధారం లేదు. పైగా థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపించగలవు. ఐరన్ మాత్రలు కూడా పరీక్ష చేయించుకోకుండా సొంతంగా మింగద్దు.

మరి తిండికి లక్షలు కావాలా? తోటకూర, గోంగూర, మునగాకు, పెసలు, శనగలు, నువ్వులు, రాగులు మనకి కొత్తవా? తినేవాళ్ళయితే గుడ్డు, చేప, మాంసం. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, అన్నం తర్వాత ఒక జామకాయో ఉసిరికాయో తినండి, అందులోని సి విటమిన్ ఇనుముని పట్టిస్తుంది. సర్కారు బడుల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని పిల్లలు గోడ అవతల పారేస్తుంటారు. వికారమని మానేస్తే అన్నం తిన్నాక వేసుకోమని చెప్పండి. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా మింగించండి. రక్తం తాగే పురుగుని కడుపులో పెట్టుకుని జడకి మందారాకు నూరితే ఏం లాభం?

"ఆడపిల్ల, రేపు పెళ్ళి చెయ్యాలి, జుట్టు చూసుకోవద్దా?" అంటారు. చూసుకోండి. కానీ పెళ్ళిచూపుల్లో జడ పొడుగు కొలిచే చుట్టాలు రేపు కాన్పు గదిలో ఆ పిల్లకి రక్తం ఎక్కించాల్సి వస్తే పక్కన ఉంటారా? 8 గ్రాముల రక్తంతో, నడుం దాకా సవరంతో పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురి కన్నా, 12 గ్రాముల రక్తంతో భుజాల దాకా సొంత జుట్టున్న పిల్లే ఆ ఇంటికి అదృష్టం. ఆ పిల్ల ఇంకా పెంచుకుంటానంటే పెంచుకుంటుంది, కత్తిరించుకుంటానంటే కత్తిరించుకుంటుంది. తల దానిది.

ఇక మన సంగతి. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన కూర, చారు పోసుకుని ముగించేది మనమే. కొడుక్కి రెండో గుడ్డు వేసి, కూతురికి ఒకటి వేసి, మనకి "నాకు ఆకల్లేదులే" వేసుకునేది మనమే. పిల్లలు మనం చెప్పింది వినరు, మన కంచం చూస్తారు. ఆఖరున మిగిలింది తినడమే ఆడదాని పద్ధతని మన దగ్గరే నేర్చుకుంటారు. వాళ్ళ జడ బాగుపడాలంటే మన కంచం దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ ఆదివారం పిల్లకి తలంటు పోసేటప్పుడు దువ్వెనలో వచ్చిన వెంట్రుకల్ని ఉండ చుట్టి పారెయ్యకండి. పది తీసి వెలుతురులో పెట్టి చూడండి. కొసలు తెగినవైతే మీ చెయ్యి నెమ్మది చేసుకోండి. తెల్ల బొడిపెలుండి, ఊడడం మామూలు కన్నా బాగా ఎక్కువైతే, సోమవారం పొద్దున్నే దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి, రక్తపరీక్షకి అక్కడ డబ్బు తీసుకోరు. పిల్ల వేలికి సూది గుచ్చడం అయ్యాక కుర్చీలోంచి లేవనివ్వండి, మీరు కూర్చుని మీ చెయ్యి కూడా చాపండి.